ఇరవై నాలుగుకి తక్కువైతే

సెప్టెంబరు 2

పిచ్చుకా,

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నాం అని రాయడానికి చెయ్యి రావటం లేదు కాబట్టి ఉన్నాం అని రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఇల్లు ఒకటే గది, మధ్యలో ఒక తెర. తెరకి ఇటు నేను, అటు మా అత్తగారు, కిటికీ దగ్గర కుర్చీలో మీ బావ. మామూలుగా మాట్లాడితే వినపడని మా అత్తగారికి గుసగుసలు మాత్రం స్పష్టంగా వినపడతాయి. ఆర్డరు ఫారాలు ఎలాగూ పోస్టులోనే పంపమంటావు. వాటికి తోడుగా ఈ ఉత్తరం.

పోయిన శనివారం పోస్టాఫీసు ఆవిడ ఇంట్లో మీ కంపెనీ బాడీలు అమ్మే పార్టీ పెట్టాను. పద్నాలుగు మంది వస్తారంది, తొమ్మిది మంది వచ్చారు. నువ్వు నేర్పినట్టే మొదట అందరినీ ఎవరి కొలత వాళ్ళని చెప్పమన్నాను. తర్వాత బీరువా తలుపు చాటున ఒక్కొక్కరికీ టేపు పెట్టి చూశాను. తొమ్మిది మందిలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. "ఇన్నేళ్ళూ ఇంకెవరి కొలతలోనో బతికామా అయితే!" అంది ఒకావిడ. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వినవాళ్ళెవరూ కొనలేదు. కొన్నవాళ్ళు నలుగురు. నలుగురికీ కలిపి ఐదు బాడీలు.

అంతకుముందు రెండు పార్టీలవి ఆరు నా దగ్గర మూలుగుతున్నాయి. మొత్తం పదకొండు. ఇరవై నాలుగు పీసులు లేనిదే మీ కంపెనీ పెట్టె కదలదు. మొదటి రెండుసార్లు నువ్వు చెప్పినట్టే మిగతావి నా పేరున రాసి పెట్టె నింపాను. అవన్నీ ఇంకా బీరువాలోనే ఉన్నాయి. వాటికి చోటిచ్చి మా బట్టలు కుర్చీ మీదకొచ్చాయి. మూడోసారి ఆ పని చెయ్యలేనే. జూలైలో బస్సు కంపెనీవాళ్ళు మీ బావ కళ్ళు పరీక్ష చేసి స్టీరింగు ముట్టుకోవద్దన్నాక ఇంట్లోకి వచ్చే రాబడి నాదొక్కటే. అదెంతో నీకు తెలుసు.

నిన్న రొట్టెల కొట్టులో, పదిమంది మగవాళ్ళ ముందు, కొట్టావిడ గల్లా దగ్గర్నుంచే కేకేసింది: "ఏమ్మా, నావి ఎప్పుడొస్తాయి? నెలన్నరైంది!" ఏవి అని ఎవరో అడిగారు. నేను రొట్టె తీసుకోకుండానే బయటికొచ్చేశాను. ఇప్పుడు రొట్టె కోసం అవతలి వీధికి నడుస్తున్నాను.

ఈ పదకొండింటినీ ఏం చెయ్యమంటావు? ఏదో ఒకటి చెప్పు.

అక్క

సెప్టెంబరు 6

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత నిన్ను కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాలనిపించింది. మా నెలవారీ మీటింగులో చెప్పే మాట ఒకటుంది: చిన్న ఆర్డరంటూ ఏదీ లేదు, తొందరగా ముగించేసిన పార్టీలే ఉంటాయి. తొమ్మిది మంది వచ్చారంటే తొమ్మిది ఇళ్ళు. నలుగురు కొన్నారంటే ఐదుగురు ఇంకా కొనాల్సినవాళ్ళు. వాళ్ళలో ఇద్దరి చేత తలో పార్టీ పెట్టించు. పదకొండు ఇరవై నాలుగు కావటం ఎంతసేపు?

ఆర్డరు మాత్రం ఎవరికీ వెనక్కి ఇవ్వకు. ఒకసారి డబ్బు తిరిగిస్తే ఆ వీధి నీకు మూసుకుపోయినట్టే. "వస్తున్నాయి, దారిలో ఉన్నాయి" అను. అందరం అదే అంటాం. తక్కువ పడే రెండు మూడు నువ్వే రాసుకో. అందరూ వేసుకునే కొలతలు రాసుకుంటే ఎప్పటికైనా పోతాయి. డిపో తాళం నా దగ్గరే ఉంటుంది కానీ రూలు నా చేతిలో లేదు. నా కింద నలభై మంది ఉన్నారు. నీకొక్కదానికి సడలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందీ నన్ను నంజుకు తింటారు.

రొట్టెల కొట్టావిడ గురించి బాధపడకు. అంత గట్టిగా అడిగిందంటే అంత గట్టిగా కావాలని అర్థం. అలాంటి ఆవిడ చేతే పార్టీ పెట్టించాలి!

వచ్చే వారం మీ ఊరు వద్దామనుకున్నాను, కుదిరేట్టు లేదు. పెట్టెలు ఎత్తీ దించీ కుడిచెయ్యి లాగేస్తోంది. బావని అడిగానని చెప్పు.

ప్రేమతో,
చెల్లి

సెప్టెంబరు 10

పిచ్చుకా,

నేను పదకొండు పీసులతో ఏడుస్తుంటే నువ్వు మీటింగు పాఠం రాసి పంపావు. సరేలే, చదివాను. తక్కువ పడేవి రెండు మూడు అన్నావు. ఇరవై నాలుగులోంచి పదకొండు తీసేస్తే ఎంతో మా అత్తగారు కూడా చెబుతుంది.

ఇప్పుడు రాసేది వేరు. దీన్ని నువ్వు లీడరుగా కాకుండా నా చెల్లెలిగా చదవాలి.

కేటలాగులో చివరి పేజీ ఉంది కదా, ఎవరూ తిప్పని పేజీ. రొమ్ము తీసేసినవాళ్ళ కోసం లోపల గుడ్డ జేబుతో కుట్టిన బాడీ, ఆ జేబులో పెట్టుకునే మెత్తటి ప్యాడూ ఉంటాయి. అది ఒకటి కావాలి. ఒక్కటే. ఒకావిడకి. పార్టీ అయ్యి అందరూ వెళ్ళాక, నేను టేపు చుట్టుకుంటూ ఉంటే వెనకాల నిలబడి అడిగింది. పేరు అడగకు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, మీ బావకి కూడా తెలియదు. తెలియకూడదు. చంక కింద నుంచి మధ్య దాకా కుట్లు. ఇన్ని రోజులూ సెలవులో ఉండి, శాలువా కప్పుకుని గడిపింది. 29న పనిలో చేరాలి. ఆ రోజు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నలుగురి ముందు నిలబడే పని. అందరి కళ్ళూ తన మీదే ఉండే పని. "ఒక వైపు ఖాళీగా ఎలా వెళ్ళను చెప్పండి" అని అడిగింది. తెప్పిస్తానని మాటిచ్చాను.

కొలత ముప్పై ఎనిమిది. ఎడమ వైపు.

నా పదకొండూ ఎప్పుడొస్తే అప్పుడే రానీ. ఇదొక్కటీ పంపించు. డిపోలో ఒక పీసు ఒక కవర్లో పెట్టి పోస్టులో వెయ్యలేవా? ఇంతవరకూ నిన్ను ఏమీ అడగలేదు. కాళ్ళావేళ్ళా పడమంటే పడతాను.

అక్క

సెప్టెంబరు 14

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఆ పీసు డిపోలో ఉండదు. హెడ్డాఫీసులో కొలత పంపాక కుడతారు. ఇరవై నాలుగు పీసుల పెట్టెలో కలిస్తేనే వస్తుంది. అయినా నేను చూసుకుంటాను. 29 లోపల నీ చేతిలో ఉంటుంది. ఎలా అని అడగకు.

ఒకావిడ అని రాశావు. సరే, ఒకావిడే అనుకుందాం. ఆ ఒకావిడ గురించి నాకు కొన్ని తెలియాలి. ఆపరేషన్ ఎప్పుడయింది? ఎవరు తోడున్నారు? పుండు మానిందా? రెండో వైపు చూపించుకుందా? డాక్టరు మళ్ళీ రమ్మన్న తేదీకి వెళ్ళిందా? ఇవన్నీ నాకు రాయి. నేను ఎవరికీ చెప్పను, తిట్టను. ఎందుకు దాచావని కూడా అడగను.

నువ్వు తింటున్నావా?

చెల్లి

సెప్టెంబరు 17

పిచ్చుకా,

ఒక్క బాడీకి ఇన్ని ప్రశ్నలా? మీ కంపెనీ వాళ్ళు కడుపులో పేగులు కూడా లెక్కపెడతారా? అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆపరేషన్ జూలైలో అయింది. తోడు ఎవరూ లేరు. ఒక్కర్తే వెళ్ళి, ఒక్కర్తే బస్సులో తిరిగొచ్చింది ఇంటికి. పుండు మానింది. రెండో వైపు బాగానే ఉందన్నారు. చాలా? ఇంక దీని గురించి ఉత్తరాల్లో రాయకు. మీ బావకి కళ్ళు సరిగ్గా కనపడకపోయినా కవరు చింపిన చప్పుడు వినపడుతుంది, చదివి వినిపించమంటాడు. మొన్న నీ ఉత్తరం చదువుతున్నట్టు నటిస్తూ వాతావరణం గురించి కల్పించి చెప్పాను.

తినక ఏం చేస్తాను? తింటున్నాను.

నువ్వు చెప్పినట్టు రొట్టెల కొట్టావిడని పార్టీ పెట్టమని అడిగాను. "ముందు నావి తెచ్చివ్వు, తర్వాత పెడతా నీ పార్టీ" అంది. నిన్న పోస్టాఫీసు ఆవిడ ఇంటికొచ్చింది. ఆతిథ్యం ఇచ్చినందుకు తనకి రావాల్సిన బహుమతి ఏదని అడిగింది. ఆర్డరు పది రోజుల్లో వెళ్ళకపోతే బహుమతి లేదని నేను ముందు చెప్పలేదట. నిజమే, చెప్పలేదు. నువ్వూ నాకు చెప్పలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి అంటున్నంతసేపూ మీ బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి బయట ఏమీ కనపడదే.

ఇంక పన్నెండు రోజులు. మర్చిపోకు.

అక్క

సెప్టెంబరు 24

చెల్లెమ్మకి,

పిచ్చుకా అని రాయబుద్ధి కావటం లేదు.

పెట్టె నిన్న పొద్దున వచ్చింది. తెచ్చినవాడు సంతకం పెట్టమంటే ఆనందం పట్టలేక రెండు చోట్ల పెట్టాను. తెరచి చూస్తే ఇరవై నాలుగు. అందులో నేను అడిగింది ఒకటి. మిగతా ఇరవై మూడూ నేను రాయలేదు, అడగలేదు. రంగు కూడా అన్నీ ఒకటే, తడిసిన అట్ట రంగు. పైన కాగితం మీద ఇరవై నాలుగూ నా నంబరు కింద, నా పేరున రాసి ఉన్నాయి.

నాకు అర్థం కాదనుకున్నావా? నెలాఖరు వస్తోంది. నీ నలభై మందీ కలిపి ఇన్ని పెట్టెలు దాటిస్తేనే నీ లీడరు కుర్చీ నిలబడుతుందని నువ్వే ఒకసారి నవ్వుతూ చెప్పావు. ఒక్క పీసు కోసం కాళ్ళు పట్టుకుంటే, అదే సందని ఇరవై మూడు నా నెత్తిన పెట్టావు. పరాయివాళ్ళయితే కొంచెం సిగ్గుపడేవాళ్ళు. తోబుట్టువువి కాబట్టి నీకు ఆ బాధ కూడా లేదు.

అది కూడా నా పాపమని ఓర్చుకునేదాన్ని. ఆ ఒక్కటైనా సరిగ్గా పంపావా? నేను రాసింది ముప్పై ఎనిమిది. వచ్చింది ముప్పై నాలుగు.

ఆవిడ సాయంత్రం వచ్చింది. మా అత్తగారిని పక్కింటికి పంపి, మీ బావని గుమ్మం బయట కూర్చోబెట్టి, తెర వేశాను. ఆవిడ పేరు ఇంకా చెప్పను కానీ పని చెబుతాను. హైస్కూల్లో లెక్కల టీచరు. వేసుకోబోయింది. వెనక హుక్కులు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి. నేను లాగాను. కుట్ల మీద ఒరుసుకుని ఆవిడ "అమ్మా" అంది, అంతే. విప్పేసి, మడతపెట్టి, నా చేతిలో పెట్టింది. "పోనీలెండి, మీరు ప్రయత్నం చేశారు" అంది. తిట్టినా బాగుండేది. గుమ్మం దాటేటప్పుడు శాలువా సర్దుకున్న తీరు చూడలేకపోయాను.

ఐదు రోజులుంది. నీకు ఇంకేమీ రాయను.

అక్క

సెప్టెంబరు 26, కొరియరులో

అక్కా,

కూర్చుని చదువు. ఇందులో మీటింగు మాటలు ఒక్కటి కూడా లేవు.

ఆ ఇరవై మూడూ నేను కట్టాను. పెట్టె అమ్మేవాళ్ళ నంబరు మీదే కదులుతుంది కాబట్టి కాగితం మీద నీ పేరొచ్చింది. నువ్వు ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. రసీదు ఇందులోనే పెడుతున్నాను. నీ పదకొండూ కలపాలంటే ఆలస్యమయ్యేది; మర్నాడే కదిలే సరుకు అదొక్కటే ఉంది, అందుకే అన్నీ ఆ రంగు. ఆ పెట్టెతో నా కుర్చీ నిలబడలేదు. అది పోయిన నెలే కూలింది. నీకు చెప్పలేదంతే. కొత్త లీడరు ఒకటో తారీఖున వచ్చి తాళం తీసుకుంటుంది. ఇంకో సంగతి. నా గదిలో మంచం కింద, మంచం మీద, వంటగదిలో, ఇలాంటి పెట్టెలే. నీకు నేర్పిన విద్యే నేనూ చేశాను. నాకెవరు నేర్పారో వాళ్ళ మంచం కింద కూడా ఇవే ఉంటాయి.

కొలత నేనే మార్చాను. కావాలనే మార్చాను. నువ్వు ఒకావిడ ఒకావిడ అని రాస్తుంటే ఆ ఒకావిడ నువ్వేననుకున్నాను. నాకు పట్టుబడకూడదని కొలత అబద్ధం రాశావనుకున్నాను. నీ కొలత నాకు తెలియదా? జూలైలో పదిహేను రోజులు నువ్వు ఫోనెత్తలేదు. ఆపరేషన్ జూలైలో అన్నావు. బావకి తెలియదన్నావు. అన్నీ అతికినట్టు కుదిరాయి. నువ్వు ఒక్కర్తివే బస్సులో, సంచి ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తున్నట్టు రోజూ కళ్ళ ముందు కనపడేది. నీ ఉద్యోగం గురించి, నలుగురి ముందు నిలబడటం గురించి రాస్తే పార్టీల సంగతే అనుకున్నాను. నువ్వు వద్దన్న మాట అడగకుండా, నీ ఒంటికి సరిపోయేది పంపి, నాకు తెలుసని నీకు తెలియజేద్దామనుకున్నాను. తెలివి ఎక్కువైంది. ఆ టీచరు గారికి ఏ మొహంతో క్షమాపణ చెప్పను?

ఇలాంటి అనుమానం నాకు అంత తేలిగ్గా ఎందుకొచ్చిందో నువ్వు అడుగుతావు. అడక్కముందే రాస్తాను, లేకపోతే రాయను.

నాకు కుడివైపు గడ్డ ఉంది అక్కా. మే నెలాఖరులో స్నానం చేస్తుంటే తగిలింది. అప్పుడు బఠాణీ గింజంత. ఇప్పుడు అంత కాదు. చెయ్యి లాగేది పెట్టెల వల్ల కాదు. రోజూ పదిమంది ఆడవాళ్ళ కొలతలు తీసే నేను నాలుగు నెలలుగా నా ఒంటి మీద నేనే చెయ్యి వేసుకోవటం మానేశాను. ఈ నెల టార్గెట్టు అయ్యాక వెళదాం, వచ్చే నెల మీటింగయ్యాక వెళదాం. ఇలాగే నాలుగు నెలలు. దాచుకోవటం ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి నీ ఉత్తరంలో నాకు అదే కనపడింది.

నాకు చాలా భయంగా ఉంది. ఆస్పత్రి గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. లోపలికి అడుగు పడలేదు.

నీ
పిచ్చుక

సెప్టెంబరు 28, ఆదివారం

నా పిచ్చుకా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఎదురింటి ఫోను నుంచి నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు. ఏడ్చేటప్పుడు నువ్వు ఫోనెత్తవని నాకు తెలుసు, చిన్నప్పుడు కూడా తలుపేసుకునేదానివి. జూలైలో మీ బావ ఉద్యోగం పోయినప్పుడు నేనూ అంతే. అందుకే ఇది కూడా కొరియరులో వేస్తున్నాను. రేపు పొద్దున నీకిది అందుతుంది. రేపు సాయంత్రం నేను అందుతాను.

ఇవాళే ఎందుకు రాలేదంటావేమో. నిన్న రాత్రంతా నాలో నేనే కొట్టుకున్నాను. నీ దగ్గరికి పరిగెత్తితే ఆవిడకిచ్చిన మాట పోతుంది, ఇక్కడే ఆగితే నీకొక రోజు పోతుంది. చివరికి తెల్లవారుతుండగా మీ బావకి అంతా చెప్పేశాను, ఆవిడ సంగతీ, నీ సంగతీ. తెర అవతల మా అత్తగారు వింది. "నాలుగు నెలలు పోగొట్టుకున్న పిల్ల ఒక్క రాత్రి ఆగుతుంది, ఆ టీచరమ్మకి మాత్రం రేపే గదా" అంది ఆవిడ. ఎప్పుడూ నన్ను సాధించే మనిషి. తర్వాత తన పెట్టెలోంచి దారాల డబ్బా తీసి నా ముందు పెట్టింది. పెళ్ళికాక ముందు ఆవిడ దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేదట. ఇన్నేళ్ళ కాపురంలో నాకీ సంగతి తెలియదు చూడు.

పొద్దున్నే టీచరు గారి ఇంటికెళ్ళి తీసుకొచ్చాను. నువ్వు పంపిన ఇరవై మూడింట్లో రెండు ముప్పై ఎనిమిదులు ఉన్నాయి. ఒకదాని గుడ్డ కత్తిరించి రెండోదానికి లోపల జేబు వేశాం. నీ ముప్పై నాలుగుతో వచ్చిన ప్యాడుతో ఆ జేబు సగమే నిండింది. మిగతా సగానికి దూది, ఆవాలు. ఆవాలు మా అత్తగారి ఆలోచన. దూది ఒక్కటే పెడితే బరువుండదు, పైకి జరిగిపోతుందట. టీచరు గారు వంటింటి తక్కెడ తెప్పించి బరువు సరిచూశారు. "రెండువైపులా సమానం అయితేనే సమీకరణం" అని ఆవిడే అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాం. మీ బావ గుమ్మం బయట కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి ఇంట్లో ఎవరూ లేరని చెప్పాడు.

అంత బాగా ఏమీ కుదరలేదు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుని, "వెనక బెంచీలవాళ్ళకి తెలీదు. ముందు బెంచీలవాళ్ళు నా మొహం చూడరు, బోర్డే చూస్తారు" అంది. రేపు ఎనిమిదింటికి ఆవిడని బడి గేటు దాకా దింపి, అటునుంచి అటే బస్సెక్కుతాను.

నీ మీద రాసిన మాటలు వెనక్కి తీసుకునే దారి లేదు. చెల్లెమ్మకి అని రాసిన ఆ ఉత్తరం పారెయ్యి. వద్దులే, నేనొచ్చి నా చేత్తోనే పొయ్యిలో వేస్తాను.

ఎల్లుండి పొద్దున ఆ ఆస్పత్రి గేటు. ఈసారి నీ వెనక నేనుంటాను. అడుగు పడకపోతే తోస్తాను.

అక్క

నవంబరు 16

అక్కా,

అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి, ఏమీ అనుకోకు. ఎడమచేత్తో కాగితం పట్టుకుని, కుడిచేత్తో నాలుగు ముక్కలు రాసి, ఆగి, మళ్ళీ రాస్తున్నాను. ఇది మొదలుపెట్టి ఇవాళ్టికి మూడు రోజులు.

నువ్వు బస్సెక్కిన రోజు ఇల్లు ఎంత పెద్దదిగా ఉందో చెప్పలేను. ముప్పై ఎనిమిది రోజులు నీ గొణుగుడికి అలవాటు పడ్డాను. నువ్వు ముందు గదిలో కూర్చుని బియ్యం డబ్బాతో మాట్లాడుతున్నావేమో అని రెండుసార్లు తొంగి చూశాను.

మొన్న మళ్ళీ మందు ఎక్కించారు. ఇంకా నాలుగు విడతలున్నాయి. జుట్టు దువ్వెనలోకి వచ్చేస్తోంది. నువ్వు ఉన్నప్పుడు పెద్ద డాక్టరు గారు నిన్ను బయటికి పంపి నాతో అన్న మాట నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. "నాలుగు నెలల కింద వచ్చుంటే గడ్డ ఒక్కటే తీసేవాళ్ళం అమ్మా." అంతే అన్నారు. కోప్పడలేదు. ఆ మాట రోజూ ఒకసారి గుర్తొస్తుంది, మధ్యాహ్నం పూట, పనేమీ లేనప్పుడు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి అద్దం ముందు నిలబడ్డప్పుడు నువ్వు పక్కనుండి "చూడు, చూడకపోతే పెద్దదవుతుంది" అన్నావు. ఇప్పుడు ఒక్కర్తినీ చూసుకుంటున్నాను. అలవాటు కాలేదు. పారిపోవటం మాత్రం లేదు.

నా కింద నలభై మంది ఉండేవాళ్ళు కదా, మేడమ్ మేడమ్ అని. ఇద్దరు వచ్చారు. ఒకావిడ తన పెట్టె ఎవరికి అప్పగించాలో కనుక్కోవటానికే వచ్చింది. ఇరవై నాలుగు రూలు గురించి హెడ్డాఫీసుకి రాశాను, ఒక్కటే కావలసినవాళ్ళు ఉంటారు, చివరి పేజీకైనా సడలించండి అని. "మీ సూచనకి ధన్యవాదాలు" అని అచ్చు కాగితం వచ్చింది. ఇంతే వాళ్ళు. బావ ఇంటింటికీ గోడలు పట్టుకుని నడిచివెళ్ళి నీ పదకొండు పీసుల అడ్వాన్సులూ తిరిగిచ్చి, "మా ఆవిడ తప్పు లేదు, ఆలస్యానికి క్షమించండి" అన్నాడని నువ్వు రాస్తే ఆ ముక్క రెండుసార్లు చదివాను. రొట్టెల కొట్టావిడ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చిందన్నావు. మంచిదే. ఇంక నువ్వు అవతలి వీధికి నడవక్కర్లేదు.

అసలు సంగతి ఇప్పుడు. నిన్న శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నేను తీసేసరికి బొద్దుగా, భుజాన సంచితో, చెమటలు తుడుచుకుంటూ ఒకావిడ.

"ముప్పై నాలుగు పంపినావిడ మీరేనా?" అంది.

తలూపాను.

"నాది ముప్పై ఎనిమిదండీ," అంది.

గడపకి ఇటు నేను, అటు ఆవిడ, ఇద్దరం పగలబడి నవ్వాం. కుట్లు లాగేసినా ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "అది తర్వాత చూద్దాం, ముందు మంచినీళ్ళివ్వండి, బస్సులో నిలబడి వచ్చాను" అంది. నువ్వు అడ్రసు ఇచ్చావట. నాకు చెప్పనే లేదు దొంగా!

29న ఎలా గడిచిందని అడిగాను. ఆవిడ దాచలేదు. గేటు దగ్గర నువ్వు చెయ్యి వదిలాక తిరిగి ఇంటికి పోదామనుకుందట. లోపలికి వెళ్ళి, బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని, ఆవిడది ఎడమచేతి వాటం, చెయ్యెత్తితే భుజం దాటి లేవలేదట. లెక్క బోర్డు కింది సగంలోనే రాసిందట. వెనక బెంచీలవాళ్ళు లేచి నిలబడి రాసుకున్నారట. వారం రోజులు అలాగే. ఒకరోజు జేబు కొంచెం పక్కకి జరిగిందనీ, ముందు బెంచీ అమ్మాయి చూసిందనీ చెప్పింది.

"ఏమంది?"

"లేచొచ్చి, పై వరస నేను రాస్తాను టీచర్, మీరు చెప్పండి అంది. రాసింది. కూడిక తప్పు చేసింది."

తర్వాత నన్ను చెయ్యెత్తమంది. నేను ఎత్తలేనన్నాను. ఎంతసేపు మొండికేసినా వినలేదు. లైటు స్విచ్చున్న గోడకి ఎదురుగా నిలబెట్టి, ఏదో ఒక రోజు ఆ స్విచ్చు అందాలని చెప్పి, వేళ్ళు గోడకి ఆనించి, చీమ పాకినట్టు ఒక్కొక్క వేలూ పైకి నడిపించమంది. రొమ్ము ఎత్తులో మొదలుపెట్టాను. భుజం దాకా వచ్చేసరికి కళ్ళు తిరిగాయి. "ఇంకొక్క వేలు," అంది. "నొప్పి" అన్నాను. "తెలుసు. ఇంకొక్క వేలు." అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఇంకొక్క వేలు పాకించాను. ఆవిడ సంచిలోంచి పెన్సిలు తీసి, వేలి కొస దగ్గర గోడ మీద గీత గీసి, పక్కన తేదీ వేసింది. ఇంటి ఓనర్లు గోడ పాడుచేశావని తిడతారంటే, "తిట్టనీ, సున్నం వేస్తే పోతుంది" అంది. వెళ్ళేటప్పుడు పెన్సిలు కిటికీలో పెట్టి వెళ్ళింది. వచ్చే శనివారం మళ్ళీ వచ్చి చూస్తుందట. గీతలు దొంగగీతలైతే తనకి తెలిసిపోతుందట.

ఇవాళ పొద్దున ఒక్కర్తినీ నిలబడ్డాను. నిన్నటి గీత దగ్గరే ఆగిపోయింది. ఎంత తిట్టుకున్నా లేవలేదు. కూర్చుని, టీ తాగి, ఈ ఉత్తరంలో నాలుగు ముక్కలు రాసి, మళ్ళీ లేచాను. రెండు వేళ్ళు పైకి వెళ్ళింది. గీత వంకరగా వచ్చింది, ఎడమచేత్తో గీసుకున్నాను కదా.

స్విచ్చు ఇంకా జానెడు పైన ఉంది.

నీ పిచ్చుక